అంటువ్యాధి వచ్చినప్పుడు జనం ఇంట్లోనే విడిగా ఉంటారా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త వ్యాధి ఏదైనా పాకుతోందని వార్త రాగానే మాకు ఫోన్లలో ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. మిమ్మల్ని చూసిన డాక్టర్ వేరేగా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే పాటించండి.

## వ్యాధి ఇంకా మన దాకా రాకముందు

ఎవరూ బలవంతం చేయకపోయినా జనం ఇంట్లో ఉంటారంటారా?

ఉంటారు. నేను నమ్మకంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఇది ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చినప్పుడు కెనడాలోని టొరంటో నగరంలో, రోగులకు దగ్గరగా మెలిగిన 23,103 మందిని క్వారంటైన్‌లో, అంటే తమకూ సోకిందేమో తేలేదాకా విడిగా, ఉండాల్సినవాళ్లుగా గుర్తించారు. అందులో చట్టప్రకారం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది 27 మందికే. మిగతావాళ్లంతా అన్ని రోజులూ గడప దాటలేదని దీని అర్థం కాదు. అడిగితే ఒప్పుకున్నారని మాత్రం అర్థం. ఎందుకు ఒప్పుకున్నారని తర్వాత అడిగితే, మావల్ల ఇంకొకరికి రాకూడదన్నదే ముఖ్యమైన జవాబుగా వచ్చింది.

అన్నిచోట్లా ఇలాగే జరగదు. క్వారంటైన్ పాటించడంపై వచ్చిన 14 అధ్యయనాలను 2020లో ఒకచోట చేర్చి చూస్తే, పాటించినవాళ్ల శాతం ఒకచోట సున్నా, ఇంకోచోట 92.8. మనుషుల మంచితనంలో ఇంత తేడా ఉండదు. వ్యాధి గురించి వాళ్లకు తెలిసింది ఎంత, చేతిలో డబ్బు ఎంత, చెప్పినవాళ్లమీద నమ్మకం ఎంత అన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది.

ఉంటామని మాట ఇచ్చినవాళ్లే రెండో రోజుకు బయట కనిపిస్తారెందుకు?

మాట ఇచ్చేటప్పుడు ఇల్లు ఎలా గడుస్తుందో ఎవరూ లెక్కేసుకోరు కాబట్టి. 2020 మార్చి నుంచి 2021 జనవరి దాకా బ్రిటన్‌లో వరసగా సర్వేలు జరిగాయి. కోవిడ్ లక్షణాలు వస్తే ఇంట్లోనే ఉంటామన్నవాళ్లు సుమారు 70 శాతం. నిజంగా లక్షణాలు వచ్చినవాళ్లలో పూర్తిగా ఉన్నామని చెప్పినవాళ్లు 42.5 శాతం. పాటించడం తక్కువగా కనిపించింది ఎవరిలో అంటే: ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, డబ్బుకు ఇబ్బంది పడుతున్నవాళ్లు, తప్పనిసరి సేవల్లో పనిచేసేవాళ్లు, కుర్రవాళ్లు, మగవాళ్లు.

ఇంకో సంగతి కూడా ఆ సర్వేల్లోనే తేలింది. కోవిడ్ ముఖ్య లక్షణాలేమిటో సరిగ్గా చెప్పగలిగింది దాదాపు సగం మందే. తనకొచ్చింది మామూలు జలుబే అనుకున్న మనిషి విడిగా ఉండాలని ఎందుకు అనుకుంటాడు?

పోయిన జీతం ఎవరైనా ఇస్తే ఎక్కువమంది ఉంటారా?

చాలా ఎక్కువమంది. 2020 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లను సర్వే చేసి, పోయిన జీతం తిరిగి ఇస్తారనుకుంటే క్వారంటైన్‌లో ఉంటారా అని అడిగితే 94 శాతం మంది ఉంటామన్నారు. ఇవ్వరనుకుంటే అన్నప్పుడు ఆ సంఖ్య 57 శాతం కంటే కిందికి పడిపోయింది. మనుషులు అదే మనుషులు, వ్యాధి అదే వ్యాధి. ఈ విషయంలో నేను చూసిన అంకెలన్నింటిలోకీ నాకు ముఖ్యమనిపించేది ఇదే. రోజుకూలీని "సమాజం కోసం ఇంట్లో కూర్చో" అని అడిగేవాళ్లు, ఆ కూలి ఎక్కడినుంచి వస్తుందో కూడా అదే నోటితో చెప్పాలి.

ఫైన్లు వేసి, పోలీసుల్ని కాపలా పెడితే పని సులువవుతుంది కదా?

2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలో, ప్రాణాంతకమైన ఎబోలా జబ్బు భయంతో వెస్ట్ పాయింట్ అనే మురికివాడ మొత్తాన్ని ఒక్కసారిగా దిగ్బంధం చేశారు. లోపలివాళ్లు తిరగబడ్డారు, కాల్పుల్లో ఒక కుర్రవాడు చనిపోయాడు. పది రోజులకు ఆ దిగ్బంధాన్ని ఎత్తేయాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ 28 నుంచి ఇంట్లో విడిగా ఉండటం (సెల్ఫ్ ఐసోలేషన్) చట్టబద్ధమైన బాధ్యత అయింది. ఫైన్ 1,000 పౌండ్లతో మొదలై 10,000 దాకా ఉండేది. అదే రోజునుంచి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 500 పౌండ్ల సాయం కూడా మొదలుపెట్టారు. శిక్ష ఒక్కటే ఉండి సాయం లేకపోతే జనం మొదట చేసే పని టెస్టుకు వెళ్లకపోవడం. టెస్టు లేకపోతే పాజిటివ్ లేదు, పాజిటివ్ లేకపోతే ఉత్తర్వూ లేదు. పక్కన ఎవరికి సోకిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. చట్టం అవసరమే, కానీ ఎంత సాయం చేసినా వినని ఆ కొద్దిమంది కోసం.

ఎంత చెప్పినా వినని మనిషి ఉంటే ఏం చేయాలి?

ఎందుకు వినడం లేదో ముందు తెలుసుకోవాలి. మేరీ మాలన్ కథ ఇక్కడ పనికొస్తుంది. ఆమె న్యూయార్క్‌లో ఇళ్లలో వంటచేసే ఐరిష్ మహిళ. టైఫాయిడ్ క్రిములు ఆమె ఒంట్లో ఉన్నా, జబ్బు పడినట్టు ఆమెకు ఏనాడూ అనిపించలేదు. 1907లో పట్టుకుని ఒక దీవిలో విడిగా ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పనికి కుదిరింది, కానీ అందులో వచ్చే డబ్బు వంటకు వచ్చేదానికంటే తక్కువ. పేరు మార్చుకుని మళ్లీ వంటకు వెళ్లింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో టైఫాయిడ్ వ్యాపించి, మళ్లీ దొరికింది. 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే ఉండిపోయింది.

ఆమె చేసింది తప్పే, దానివల్ల మనుషులు చనిపోయారు. కానీ వంట తప్ప వేరే మంచి పని రాని మనిషికి వంట వద్దని చెప్పి పంపినవాళ్లు, దానికి సమానమైన బతుకుతెరువు చూపించి ఉంటే కథ ఇలాగే నడిచేదా? వినని మనిషితో నేను మొదట అడిగే ప్రశ్న "మీరు ఇంట్లో ఉంటే ఏ పని ఆగిపోతుంది?" అన్నదే. జవాబు దాదాపు ఎప్పుడూ చాలా స్పష్టంగా ఉంటుంది.

ఊరంతా కలిసి తమంతట తాము ఆగిపోయిన సందర్భం ఎక్కడైనా ఉందా?

ఇంగ్లండ్‌లోని ఈమ్ అనే పల్లె గురించి చెబుతారు. 1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో అక్కడికి ప్లేగు చేరిందంటారు. మరుసటి ఏడాది జూన్‌లో చర్చి మతాధికారి విలియం మాంపెసన్, ఆయనకు ముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లను ఒప్పించారు: ఎవరూ పొలిమేర దాటకూడదు. నాణేలతో జబ్బు బయటికి పోకూడదని, సరిహద్దు రాయి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో వాటిని ఉంచేవాళ్లు. బయటివాళ్లు వాటిని తీసుకుని సరుకులు అక్కడ పెట్టి వెళ్లేవాళ్లు. డెవన్‌షైర్ ప్రభువు ఆహారం పంపించాడు. సుమారు 260 మంది చనిపోయారు, వాళ్లలో మాంపెసన్ భార్య కూడా ఉంది. ఆయన తన పిల్లల్ని మాత్రం అంతకుముందే ఊరు దాటించాడు.

అందరూ ఎంత ఇష్టంగా ఉన్నారన్నదానిపై చరిత్రకారుల్లో వాదనలున్నాయి. నాకు ఈ కథలో గొప్పగా కనిపించేది ఆ రాయి. ఊరు ఆగిపోయిందంటే బయటినుంచి తిండి వచ్చే ఏర్పాటు ఉంది కాబట్టే ఆగింది.

## లక్షణం కనిపించిన రోజు

ఐసోలేషన్, క్వారంటైన్ ఒకటేనా?

కాదు. జబ్బు వచ్చినవాళ్లు విడిగా ఉంటే ఐసోలేషన్. జబ్బు వచ్చినవాళ్ల దగ్గర మెలిగి, తమకూ వస్తుందేమో తేలేదాకా విడిగా ఉంటే క్వారంటైన్.

నాకు ఒంట్లో బాగానే ఉంది. అయినా ఎందుకు ఉండాలి?

కొన్ని వ్యాధులు మనకు తెలియకముందే మననుంచి బయటికి వెళ్లిపోతాయి. కోవిడ్ లక్షణాలకు దాదాపు 2 రోజుల ముందునుంచే అంటుకోగలదు. ఫ్లూ దాదాపు ఒక రోజు ముందునుంచి. తట్టు అయితే ఒంటిమీద దద్దుర్లు కనిపించడానికి 4 రోజుల ముందునుంచి. అంటే మీకు బాగున్న రోజే పక్కవాళ్లకు ప్రమాదమైన రోజు కావచ్చు.

అన్ని వ్యాధులూ ఇలా ఉండవు. సార్స్ ఎక్కువగా అంటుకునేది లక్షణాలు వచ్చిన రెండో వారంలో. అందుకే జ్వరం రాగానే మనిషిని విడిగా ఉంచితే 2003లో దాన్ని ఆపగలిగారు. ఎబోలా కూడా లక్షణాలు రాకముందు అంటుకోదు. అయినా దగ్గరగా మెలిగినవాళ్లను 21 రోజులు గమనిస్తారు, ఎందుకంటే లక్షణాలు బయటపడటానికి అంతకాలం పట్టొచ్చు.

సరిగ్గా ఎన్ని రోజులు ఉండాలి?

వ్యాధిని బట్టి మారుతుంది. తట్టుకు దద్దుర్లు వచ్చాక 4 రోజులు. ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా. నోరోవైరస్ వల్ల వచ్చే వాంతులు, విరేచనాలకు, అవి తగ్గాక ఇంకా 48 గంటలు. కోవిడ్ విషయంలో నియమాలు చాలాసార్లు మారాయి. ఉదాహరణకు అమెరికాలో 2024 మార్చి నుంచి రోజుల లెక్క వదిలేసి, మందు వేసుకోకుండానే జ్వరం లేని 24 గంటలు గడిచి, లక్షణాలు తగ్గుముఖం పడితే చాలన్నారు. కొత్త వ్యాధి అయితే మీ దగ్గరి ఆరోగ్య సిబ్బంది ఆ వారం చెప్పిన లెక్కే తీసుకోండి. చివరి రోజు తేదీని గోడమీద క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఎప్పుడు అయిపోతుందో తెలియని ఎదురుచూపు మనిషిని ఎక్కువ అలసటకు గురిచేస్తుంది.

పని మానేస్తే ఇల్లు గడవదు. నేనేం చేయాలి?

ఇలా అడిగినవాళ్లను నేను ఎప్పుడూ తప్పుపట్టను. ముందు మీ పై అధికారికి విషయం మెసేజ్‌లో పెట్టండి. నోటిమాట తర్వాత మారిపోతుంది, రాసింది మిగులుతుంది. డాక్టర్ చీటీ తీసుకోండి. జీతంతో సెలవు, అడ్వాన్సు, ఇంటినుంచి చేయగల పని, తోటివాళ్లతో షిఫ్టు మార్పిడి – ఇవన్నీ ఒక్కొక్కటిగా అడగండి. ప్రభుత్వ సాయం ఏదైనా ప్రకటించారేమో ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో కనుక్కోండి.

అన్ని దారులూ మూసుకుపోయి వెళ్లక తప్పని పరిస్థితే వస్తే, కనీసం జ్వరం, దగ్గు బాగా ఉన్న మొదటి రోజులైనా ఆగండి. కోవిడ్, ఫ్లూ ఎక్కువగా అంటుకునేది అప్పుడే. తర్వాత వెళ్లినా మాస్కు తీయకుండా, వీలైతే ఆరుబయట పనిచేస్తూ, భోజనం ఒక్కరే విడిగా కూర్చుని చేయండి. ముసలివాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఉన్నచోటికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు.

## గదిలో ఉన్న రోజులు

మాకున్నదే ఒక్క గది. విడిగా ఎలా ఉండేది?

"వేరే గదిలో ఉండండి" అని రాసినవాళ్లు ఈ ప్రశ్న గురించి ఆలోచించరు, కానీ మాకు ఎక్కువగా వచ్చేది ఇదే. గాలి ద్వారా వచ్చే జబ్బయితే గోడ లేకపోయినా గాలిని వాడుకోవచ్చు.

జబ్బుపడ్డవాళ్ల పడక కిటికీ పక్కన, మిగతావాళ్లవి తలుపు వైపు వేయండి. తలుపు వైపునుంచి గాలి లోపలికి వచ్చి, జబ్బుపడ్డవాళ్ల మీదుగా కిటికీలోంచి బయటికి పోవాలి. కిటికీలో చిన్న ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టగలిగితే ఇంకా మంచిది. గాలి ఎటు పోతోందో తెలియకపోతే పలచటి కాగితం ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. అది బయటివైపుకు వంగితే సరిగ్గా ఉన్నట్టు, లోపలికి వంగితే పడకలు అటూఇటూ మార్చేయండి. ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరు ఇలాగే చూసుకుని, పడక మార్చి, ఒకరి తల ఉన్నవైపు రెండో ఆమె కాళ్లు వచ్చేలా పడుకున్నారు. చెప్పింది అర్థమైతే జనం మనకంటే బాగా ఆలోచిస్తారు.

ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. తినేటప్పుడు మాస్కు తీయక తప్పదు కాబట్టి వేర్వేరు వేళల్లో తినండి. బాత్రూమ్ ఒకటే అయితే జబ్బుపడ్డవాళ్లు చివర వెళ్లి, కిటికీ తెరిచి రావాలి. ముసలివాళ్లను, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లను ఆ కొద్దిరోజులు బంధువుల ఇంటికి పంపేముందు ఒక్క విషయం చూసుకోండి: వాళ్లకు ఇప్పటికే సోకి ఉండొచ్చు. అలాంటప్పుడు పంపితే అక్కడికీ జబ్బును పంపినట్టే.

నన్ను ఎవరు చూసుకోవాలి?

ఒక్కరే. రోజుకొకరు మారితే అందరికీ సోకే అవకాశం పెరుగుతుంది. ఆ ఒక్కరు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, వీలైతే ఆ వ్యాధికి టీకా వేసుకున్నవాళ్లు అయితే మేలు. కంచం గుమ్మం దగ్గర పెట్టి, పక్కకు తప్పుకున్నాక తలుపు తీయమనాలి. ఈ పని ఎప్పుడూ ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది. ఎవరు చేయాలో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

పాలుతాగే బిడ్డ ఉంది. బిడ్డను దూరం పెట్టాలా?

కోవిడ్ విషయంలో పాలివ్వడం ఆపొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వాలి. వేరే వ్యాధి అయితే డాక్టర్‌ను అడగాల్సిందే, ఎందుకంటే జవాబు వ్యాధినిబట్టి మారుతుంది.

నాలుగో రోజుకే పిచ్చెక్కినట్టుంది. నాకేమైనా అవుతోందా?

మీ ఒక్కరికే కాదు. 2003లో టొరంటోలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్లలో 129 మంది సర్వేకు జవాబిస్తే, 28.9 శాతం మందిలో పెద్ద గాయం తర్వాత వచ్చే మానసిక ఒత్తిడి లక్షణాలు, 31.2 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. రోజులు పెరిగేకొద్దీ లక్షణాలూ పెరిగాయి. 2020లో ఇలాంటి 24 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు గుర్తించిన కారణాలు మనకు తెలిసినవే: సోకుతుందన్న భయం, విసుగు, సరుకులు చాలకపోవడం, సమాచారం సరిగ్గా అందకపోవడం, డబ్బు నష్టం, నలుగురిలో చిన్నచూపు.

ఇందులో కొన్ని మన చేతిలో ఉన్నాయి. వార్తలు రోజుకు ఒకసారి చాలు. ఉదయం, సాయంత్రం ఒకే వేళకు టెంపరేచర్ చూసి కాగితంమీద రాయండి. అంకె తగ్గుతుంటే టెన్షన్ కూడా తగ్గుతుంది. రోజూ ఒక మనిషితో వీడియో కాల్ మాట్లాడండి, జబ్బు సంగతి కాకుండా. నిద్ర అసలు పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు. వెంటనే ఇంట్లోవాళ్లకు, డాక్టర్‌కు చెప్పండి.

ఏ లక్షణం వస్తే ఇల్లు వదిలి ఆస్పత్రికి వెళ్లాలి?

ఊపిరి ఆడకపోవడం, గుండెల్లో నొప్పి లేదా బిగుతు, మాటలో తడబాటు, మగత, పెదాలు నీలంగా లేదా పాలిపోయినట్టు మారడం, ఏమీ నోట్లో నిలవకపోవడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆగొద్దు. కోవిడ్ లాంటి ఊపిరితిత్తుల జబ్బులో, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ అంకె 94 కంటే తగ్గితే డాక్టర్‌కు ఫోన్ చేయండి. 90 కంటే తగ్గితే నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. వేలికి గోళ్లరంగు ఉన్నా, చేయి చల్లగా ఉన్నా అంకె తప్పుగా రావొచ్చు. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. కాబట్టి అంకె బాగుండి మనిషి ఆయాసపడుతుంటే, మనిషినే నమ్మండి. ఇంట్లో ఉంటానని మాట ఇచ్చారు కదా అని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. వెళ్లేముందు ఫోన్‌లో చెప్పి వెళ్తే చాలు.

ఇరుగుపొరుగుకు చెప్పాలంటే భయంగా ఉంది. చెప్పాలా?

మీరు దగ్గరగా మెలిగినవాళ్లకు తప్పకుండా చెప్పాలి, అది వాళ్ల ప్రాణానికి సంబంధించింది. వీధి మొత్తానికి చెప్పాల్సిన అవసరం లేదు. మీ భయం ఊరికే వచ్చింది కాదు. 2020లో భారతదేశంలో కోవిడ్ రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించారు. అధికారం ఉన్నవాళ్లు విపత్తు నిర్వహణ చట్టం కింద ఆదేశిస్తే తప్ప అలా అంటించకూడదని ఆ డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. గుమ్మంమీద గుర్తు పడుతుందంటే తర్వాతి మనిషి జ్వరాన్ని దాచుకుంటాడు. దాచుకున్న జ్వరం పది ఇళ్లకు పాకుతుంది.

మా పక్కింట్లో ఐసోలేషన్‌లో ఉన్నారు. మేమేం చేయగలం?

"ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ నోరు తెరిచి అడగరు. "మార్కెట్‌కు వెళ్తున్నాను, మీ లిస్టు మెసేజ్ పెట్టండి" అనండి. మందులు, పిల్లల స్కూలు పని, చెత్త తీసుకెళ్లడం, పెంపుడు జంతువు సంగతి – ఇలాంటివాటి కోసం కూడా జనం బయటికి రావాల్సి వస్తుంది. సంచీ గుమ్మం దగ్గర పెట్టి ఫోన్ చేసి వచ్చేయండి. డబ్బు తర్వాత చూసుకోవచ్చు.

## బయటికి వచ్చేటప్పుడు

మధ్యలో ఒకసారి బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఇక ఉన్న రోజులన్నీ వృథానా?

అస్సలు కాదు. బయటికి వెళ్లని ప్రతి రోజూ కొందరికి సోకకుండా ఆగింది. ఒకసారి తప్పింది కదా అని మిగతా రోజులు వదిలేయడమే అసలు నష్టం. ఆరోజు ఎవరికి దగ్గరగా నిలబడ్డారో గుర్తుంటే వాళ్లకు చెప్పి, తిరిగి గదిలోకి వెళ్లండి. రోజుల లెక్క మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ లెక్క మీ ఒంట్లోని జబ్బుది.

రోజులు పూర్తయ్యాయి, బాగానే ఉన్నాను. పనిలో చేర్చుకోవాలంటే నెగెటివ్ రిపోర్ట్ తెమ్మంటున్నారు. తేవాలా?

కోవిడ్‌లో పీసీఆర్ టెస్టు (ముక్కు, గొంతు నుంచి నమూనా తీసి ల్యాబ్‌లో చేసేది), మీరు ఎవరికీ అంటించలేని స్థితికి వచ్చాక కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపించొచ్చు. చచ్చిపోయిన వైరస్ ముక్కలను కూడా అది పట్టేస్తుంది. కాబట్టి పనిలోకి వెళ్లడానికి ఆ నెగెటివ్ కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు, జీతం పోవడం తప్ప. ఐసోలేషన్ పూర్తయిందని, పనికి వెళ్లొచ్చని డాక్టర్ దగ్గర తేదీ వేసిన చీటీ రాయించుకోండి. పీసీఆర్ ఎందుకు అక్కర్లేదో అందులోనే ఒక వాక్యం రాయమని అడగండి. ఆ చీటీ ఒప్పుకోకపోతే, ఒప్పుకోవడం లేదన్న మాటనే మెసేజ్‌లో పెట్టమనండి. అలా రాసివ్వడానికి చాలామంది వెనకాడతారు, అక్కడితో ఆ రిపోర్ట్ అడగడం మానేస్తారు.